నలభై దగ్గర పడ్డాక క్లినికల్ సైకాలజీ: ఏ దారి ఎవరికి?

‘ఈ వయసులో క్లినికల్ సైకాలజీ చదవొచ్చా?’ అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. పదిహేనేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేసి విసిగినవాళ్లు, క్లాసులో పిల్లల బాధలు రోజూ దగ్గర్నుంచి చూసే టీచర్లు, ఎప్పుడో ఎంఏ సైకాలజీ చేసి పెళ్లీ పిల్లలతో ఆగిపోయినవాళ్లు, ఆటిజం ఉన్న బిడ్డను పెంచుతూ థెరపీ సెంటర్ల చుట్టూ తిరిగిన తల్లులు. అందరి మొదటి ప్రశ్న వయసు గురించే. నేను చూసినంతలో వయసు పెద్ద అడ్డంకి కాదు. జీతం లేకుండా రెండేళ్లు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆసుపత్రిలో ఉండగలరా అన్నదే అసలు ప్రశ్న. ఉండగలిగితే ఒక దారి ఉంది. ఉండలేకపోతే వేరే దారులున్నాయి, అవీ గౌరవమైనవే, కానీ అక్కడ చేసే పని వేరు. ఈ తేడా తెలియకుండా ఫీజు కట్టినవాళ్లే తర్వాత ఎక్కువ బాధపడుతున్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

చట్టం ఎవరిని గుర్తిస్తుంది?

కోర్సుల పేర్లు చూసేముందు ఇది తెలుసుకోవాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్ట్ అంటే ఎవరో స్పష్టంగా చెప్పింది. రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన సంస్థలో క్లినికల్ సైకాలజీ అర్హత పొంది ఉండాలి. లేదా సైకాలజీలో పీజీ చేసి, ఆ తర్వాత పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణ ఉన్న రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎంఫిల్ చేసి ఉండాలి. ఆ ఎంఫిల్‌కూ ఆర్‌సీఐ ఆమోదం తప్పనిసరి. చదువు పూర్తయ్యాక ఆర్‌సీఐ కేంద్ర రిజిస్టరులో పేరు నమోదు చేసుకుంటే నంబరు వస్తుంది. ఆ నంబరు లేకుండా రీహాబిలిటేషన్ ప్రొఫెషనల్‌గా (క్లినికల్ సైకాలజిస్టులూ ఈ కోవలోకే వస్తారు) ప్రాక్టీసు చేస్తే 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. జరిమానా చిన్నదే. కానీ మీరు రాసిన రిపోర్టును ఆసుపత్రి గానీ, వైకల్య ధ్రువీకరణ బోర్డు గానీ పక్కన పెట్టేస్తే, దాన్ని నమ్ముకున్న కుటుంబం మళ్లీ మొదటికి రావాల్సి వస్తుంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అదే.

కాబట్టి ఏ కాలేజీ వాళ్లు ఫోన్ చేసినా మొదట ఒకటే అడగండి: ‘ఈ కోర్సు పూర్తయితే ఆర్‌సీఐ నంబరు వస్తుందా? వస్తే ఏ హోదాలో?’ సూటిగా జవాబు రాకపోతే అక్కడితో వదిలేయండి.

పూర్తి దారి: రెండేళ్ల ఆసుపత్రి శిక్షణ

దశాబ్దాలుగా మన దేశంలో క్లినికల్ సైకాలజిస్ట్ కావడానికి ప్రధాన మార్గం ఎంఫిల్. బెంగళూరు నిమ్హాన్స్, రాంచీ సీఐపీ లాంటి పెద్ద మానసిక వైద్య సంస్థల్లో చదివినవాళ్లే ఈ రంగాన్ని నిలబెట్టారు. ఇప్పుడు ఈ దారి మారుతోంది. 2022లో వచ్చిన పీహెచ్‌డీ నిబంధనలతో యూజీసీ ఎంఫిల్‌ను ఎత్తేసింది. క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ కోర్సులకు మాత్రం 2024 జనవరిలో మినహాయింపు ఇచ్చి 2025-26 విద్యా సంవత్సరం వరకు గడువు పొడిగించింది. ఆర్‌సీఐ వైపు నుంచి క్లినికల్ సైకాలజీలో నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్, ఎంఏ, వృత్తిపరమైన డాక్టరేట్ అయిన సై.డి. వచ్చాయి. అందువల్ల ‘ఎంఏ చేసెయ్, ఎంఫిల్ ఎంట్రన్స్ రాసెయ్’ అని పదేళ్ల కిందట చదివిన సీనియర్ ఇచ్చే సలహాను యథాతథంగా పట్టుకోకండి. మీరు దరఖాస్తు చేసే ఏడాది ఆర్‌సీఐ వెబ్‌సైటులో ఆ సంస్థ పేరు, ఆ కోర్సు పేరు, ఆమోదం ఏ ఏడాది వరకు ఉందో మూడూ చూసుకోవాలి. ఆమోదం సంస్థకు ఉంటే చాలదు, ఆ కోర్సుకు, ఆ బ్యాచ్‌కు ఉండాలి.

ఎంఫిల్‌కు సైకాలజీ పీజీలో 55 శాతం మార్కులు అడుగుతూ వచ్చారు, రిజర్వేషన్ వర్గాలకు 50 శాతం. కొత్త కోర్సులకైతే డిగ్రీలో ఏ సబ్జెక్టు ఉండాలన్న షరతును ముందు చదవండి. బీటెక్ నుంచి వచ్చేవారికి తేలేది అక్కడే.

ఈ శిక్షణలో రోజు ఎలా గడుస్తుందో తెలిస్తే నిర్ణయం తేలికవుతుంది. పొద్దున ఓపీలో ఒక అమ్మాయిని వాళ్లమ్మ తీసుకొస్తుంది. ‘నిద్ర పోవట్లేదండీ, ఎవరో మాట్లాడుకుంటున్నారు అంటది, నరాల బలహీనత అన్నారు’ అంటుంది. మీరు తల్లి దగ్గర విడిగా, అమ్మాయి దగ్గర విడిగా కేస్ హిస్టరీ తీసుకుంటారు. పుట్టుక, చదువు, పెళ్లి, ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది ఉందా, ఏది ముందు మొదలైంది, ఏది తర్వాత. అవన్నీ రాసుకుని కన్సల్టెంట్ ముందు చెబితే ఆయన ఒకే ప్రశ్న వేస్తారు: ‘ముందు నిద్ర పోయిందా, ముందు అనుమానం మొదలైందా?’ మీరు అది అడిగి ఉండరు. మళ్లీ వెళ్లి అడగాలి. ఆ వరుసను బట్టి రోగనిర్ధారణే మారిపోవచ్చు.

మధ్యాహ్నం ఆరేళ్ల బాబు. ఊళ్లో సదరం సర్టిఫికెట్ కోసం పంపారు. ముందు చెక్క ఫారం బోర్డు: పది ఆకారాలు, వాటికి సరిపోయే పది గుంటలు. మూడుసార్లు పెట్టించి, అన్నిటికన్నా తక్కువ పట్టిన సమయాన్ని లెక్కలోకి తీసుకుంటారు. తర్వాత తల్లితో వైన్‌ల్యాండ్ ప్రశ్నలు, అంటే బాబు తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడో కొలిచేవి: అన్నం తనే కలుపుకుని తింటాడా, చొక్కా గుండీలు పెట్టుకుంటాడా, వీధి చివర కొట్టుకు ఒక్కడే వెళ్లొస్తాడా? ‘నేనే తినిపిస్తానండీ’ అని ఆమె అంటే, బాబుకు చేతకాక తినిపిస్తోందా, ముద్దుతో తినిపిస్తోందా అన్నది మీరు తేల్చాలి. స్కోరు దాని మీద ఆధారపడుతుంది, ఆ బాబు పింఛను ఆ స్కోరు మీద ఆధారపడొచ్చు.

రోజులు ఇలా సాగుతుంటే పక్కన సైకియాట్రీ, స్టాటిస్టిక్స్, సైకోథెరపీ, మెదడు పనితీరు, బిహేవియరల్ మెడిసిన్ పేపర్లు, చివర్లో డిసర్టేషన్. హాజరు నిబంధన గట్టిగా ఉంటుంది. మధ్యలో ఆపి మళ్లీ వచ్చి చేరడం మామూలుగా కుదరదు. పార్ట్‌టైమ్ ఉద్యోగం పక్కన పెట్టుకుని చేసే చదువు ఇది కానే కాదు.

ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఇక్కడ కలిసొచ్చేవీ, కష్టమయ్యేవీ ఉంటాయి. కుటుంబాలు వాళ్లతో త్వరగా మనసు విప్పుతాయి. అత్తాకోడళ్ల గొడవ, అప్పు, తాగుడు, పిల్ల పెళ్లి ఆగిపోతుందన్న భయం, వీటిని ఇరవై నాలుగేళ్ల పిల్లలకు విడమరిచి చెప్పాలి. నలభై ఏళ్ల మనిషికి సగం మాటకే అర్థమవుతుంది. కష్టమయ్యేవాటిలో పరీక్షలు, స్టాటిస్టిక్స్ చిన్నవి, సాధనతో వచ్చేస్తాయి. నిజంగా కష్టపెట్టేది సలహా చెప్పే అలవాటు. మేనేజర్లకు, టీచర్లకు, ఇంటి పెద్దలకు అది ఏళ్ల తరబడి పట్టేసి ఉంటుంది. ఎదుటివాళ్లు మాట్లాడుతుండగానే పరిష్కారం నోటిదాకా వచ్చేస్తుంది. దాన్ని ఆపుకోవడం నేర్చుకోవడానికే మొదటి ఆరునెలలు సరిపోతాయి. మీకంటే పదేళ్లు చిన్న సూపర్‌వైజర్ అందరిముందూ మీ కేసును చీల్చి చూపిస్తే తట్టుకోగలరా అన్నది కూడా ముందే మనసులో తేల్చుకోండి.

మన దగ్గర ఎక్కడ? సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ, మేధో వైకల్య రంగానికి దేశంలోనే పెద్ద కేంద్రం. సికింద్రాబాద్‌లోనే ఉన్న స్వీకార్ పునరావాస సంస్థ, హైదరాబాద్ ఎర్రగడ్డలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్, విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఈ రంగంలో తెలుగువాళ్లందరికీ తెలిసిన పేర్లు. ఏ ఏడాది ఏ కోర్సుకు ఎక్కడ ప్రవేశాలున్నాయో ఆర్‌సీఐ జాబితాలో చూసుకోండి. ప్రభుత్వ సంస్థల్లో ఫీజు తక్కువ, సీట్లు బాగా తక్కువ, పోటీ ఎక్కువ. ప్రైవేటు యూనివర్సిటీల్లో ఖర్చు లక్షల్లో ఉంటుంది. డబ్బు కట్టేముందు ఒక విషయం కనుక్కోండి: వాళ్లకు సొంత ఆసుపత్రి ఉందా, రోజుకు ఎంతమంది రోగులు వస్తారు, కేసును పక్కన కూర్చుని చూసే సూపర్‌వైజర్లు ఎందరు? రోగులు రాని చోట రెండేళ్లు గడిపితే చేతికి పట్టా వస్తుంది, పని రాదు.

ఏడాది డిప్లొమా

క్లినికల్ సైకాలజీలో ప్రొఫెషనల్ డిప్లొమా ఏడాదిలో పూర్తవుతుంది కాబట్టి చాలామంది దీని వైపు మొగ్గుతారు. దీన్ని ఆర్‌సీఐ గుర్తించింది కానీ అసోసియేట్ హోదాలో. టెస్టులు చేయడానికి, రీహాబిలిటేషన్ కేంద్రాల్లో పనిచేయడానికి ఉపయోగపడుతుంది. సొంతంగా క్లినిక్ పెట్టి అన్ని రకాల కేసులూ చూడాలనుకునేవారికి ఇది చాలదు. ఇప్పటికే ప్రత్యేక అవసరాల పిల్లల కేంద్రంలో పనిచేస్తూ, అక్కడే కొనసాగాలనుకునేవారికైతే నేను దీన్ని కొట్టిపారేయను. ఇక్కడ కూడా ఆ ఏడాది బ్యాచ్‌కు ఆమోదం ఉందో లేదో చూడాల్సిందే.

కౌన్సెలింగ్ సైకాలజీ: తక్కువ చేసి చూడకండి

అడిగేవాళ్లలో సగం మందికి నిజంగా కావలసింది ఇదే అని నాకు అనిపిస్తుంది. వాళ్ల కోరిక విప్పి చూస్తే, ‘మనుషులతో కూర్చుని, వాళ్ల కష్టం విని, దారి వెతుక్కోవడానికి సాయపడాలి’ అని ఉంటుంది. స్కిజోఫ్రెనియా నిర్ధారణ, ఐక్యూ రిపోర్టులు, రోర్షా సిరా మరకల పరీక్షలు వాళ్ల ఊహలోనే ఉండవు. అలాంటివారు ఆసుపత్రిలో రెండేళ్లు ఇష్టం లేని పని నేర్చుకోవడం దేనికి?

కౌన్సెలింగ్ సైకాలజీలో పీజీ చేసినవారికి బడులు, కాలేజీలు, కంపెనీల ఉద్యోగుల సహాయ కార్యక్రమాలు, స్వచ్ఛంద సంస్థలు, డీఅడిక్షన్ సెంటర్లు ఉన్నాయి. 2022 అక్టోబరు 10న మొదలైన కేంద్రప్రభుత్వ టెలిమానస్ హెల్ప్‌లైన్, నంబరు 14416, తెలుగులోనూ పనిచేస్తుంది, అక్కడా కౌన్సెలర్లు కావాలి. ఇంటర్ ఫలితాల రోజుల్లో మన పిల్లల పరిస్థితి చూసినవారికి తెలుసు, ప్రతి జూనియర్ కాలేజీలో ఒక మంచి కౌన్సెలర్ ఉండటం ఎంత అవసరమో.

పరిమితులూ చెప్పాలి. దీనితో ఆర్‌సీఐ నంబరు రాదు, క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోకూడదు. 2021 నాటి జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం క్లినికల్ కాని సైకాలజిస్టులను తన పరిధిలోకి తెచ్చుకుంది, కాబట్టి ముందు ముందు ఈ వైపూ రిజిస్ట్రేషన్, ప్రమాణాలు గట్టిపడతాయి. ఆ లెక్కతోనే గుర్తింపు ఉన్న యూనివర్సిటీలో, పర్యవేక్షణలో ప్రాక్టికమ్ (మనుషులతో నేరుగా పనిచేసే శిక్షణ) ఉన్న కోర్సు ఎంచుకోండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హెల్త్ సైకాలజీ లాంటి చదువులు కూడా ఇదే కోవలోకి వస్తాయి: చదువు గట్టిదే, లైసెన్సు వేరే విషయం.

దూరవిద్య తలుపు మూసుకుంది

ఉద్యోగం చేసుకుంటూ చదవాలనుకునేవారికి ఇన్నాళ్లూ పెద్ద ఆసరా దూరవిద్యలో ఎంఏ సైకాలజీ. ఇగ్నో నుంచి అలా పీజీ చేసినవాళ్లు మన చుట్టూ ఎందరో. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో అందించకూడదని యూజీసీ యూనివర్సిటీలకు చెప్పింది. అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి వచ్చిన కోర్సులన్నిటికీ ఇదే వర్తిస్తుంది. మధ్యవయసు వాళ్లకు ఇది నిజంగా పెద్ద దెబ్బ. సైకాలజీ నేపథ్యం లేనివారు ఇక రెగ్యులర్ కాలేజీకి వెళ్లక తప్పదు. ఆ తేదీ తర్వాత కూడా ‘ఆన్‌లైన్‌లో ఎంఏ సైకాలజీ, యూజీసీ గుర్తింపు’ అని ఎవరైనా ప్రకటన ఇస్తే, యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైటులో చూడకుండా ఒక్క రూపాయి కట్టకండి. అంతకుముందే దూరవిద్యలో ఎంఏ పూర్తిచేసినవారు మాత్రం నిరాశపడొద్దు. మీరు చేరాలనుకున్న సంస్థ ప్రాస్పెక్టస్‌లో రెగ్యులర్ పీజీయే కావాలన్న షరతు ఉందేమో చూసి, లేకపోతే దరఖాస్తు చేయండి.

మిగిలిన దారులు

పీహెచ్‌డీ గురించి అపోహ ఎక్కువ. పేరు ముందు డాక్టర్ వస్తుంది కాబట్టి రోగులను చూడొచ్చు అనుకుంటారు. పరిశోధన, బోధన ఇష్టమైతే చేయండి. క్లినికల్ శిక్షణకు మాత్రం అది బదులు కాదు.

ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి సంక్షేమ రంగంలో పనిచేస్తున్నవారు వెనక్కి వెళ్లి సైకాలజీ పీజీ మొదలుపెట్టక్కర్లేదు. సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ను కూడా 2017 చట్టం గుర్తించింది. రోగి ఇంటికి తిరిగి వెళ్లాక కుటుంబంతో, ఊరితో, ఉద్యోగంతో సర్దుబాటు చేయించే పని అది. మన జిల్లాల్లో ఆ పని చేసేవాళ్లు చాలా తక్కువ. నర్సులకైతే సైకియాట్రిక్ నర్సింగ్ ఇంకా దగ్గరి దారి, పాత అనుభవం ఒక్క రోజు కూడా వృథా కాదు.

వారాంతపు సర్టిఫికెట్లు, ఆరు వారాల ‘థెరపిస్ట్’ కోర్సులు, హిప్నోసిస్ వర్క్‌షాపులు చికిత్స చేసే అర్హత ఇవ్వవు. ఇప్పటికే అర్హత ఉన్నవారు కొత్త పద్ధతి నేర్చుకోవడానికి కొన్ని పనికొస్తాయి. ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్న మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు ఏం చేయాలో ఆరు వారాల్లో రాదు. పోయేది ప్రాణం, ఈ విషయంలో నేను రాజీ పడలేను.

అమెరికాలో హెచ్-4 (డిపెండెంట్) వీసా మీద ఉన్న తెలుగు ఆడవాళ్లు కూడా తరచూ ఇదే అడుగుతుంటారు. అక్కడ సైకాలజిస్ట్ కావాలంటే డాక్టరేట్, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్. హెచ్-4 మీద చదువుకోవచ్చు గానీ జీతం ఇచ్చే ఇంటర్న్‌షిప్‌కు పని అనుమతి కావాలి, కాబట్టి చేరేముందే వీసా సంగతి తేల్చుకోవాలి. చాలామందికి క్లినికల్ సోషల్ వర్క్ లేదా కౌన్సెలింగ్ మాస్టర్స్ దగ్గరి దారి, ఆ తర్వాత రాష్ట్రాన్ని బట్టి లైసెన్సు. బ్రిటన్‌లో మూడేళ్ల డాక్టరేట్, సీటు వస్తే అక్కడి ప్రభుత్వ వైద్య సేవల సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ జీతం ఇచ్చి శిక్షణ ఇస్తుంది, అందుకే పోటీ విపరీతం. ఇండియాలో చేసిన ఎంఫిల్‌తో ఈ రెండు దేశాల్లోనూ నేరుగా లైసెన్సు రాదు. మూడు నాలుగేళ్లలో విదేశం వెళ్లే ఆలోచన ఉంటే ఇక్కడ రెండేళ్లు పెట్టేముందు బాగా ఆలోచించండి.

నన్నడిగితే

ఎంఏ సైకాలజీ చేతిలో ఉండి, నలభై అయిదు లోపు వయసుండి, ఇంట్లో ఇంకొకరి జీతం ఉంటే, ఆసుపత్రి పని మీద మనసుంటే పూర్తి దారికే వెళ్లండి. మధ్యలో దేనితోనూ సరిపెట్టుకోకండి. ఒక ఏడాది ఎంట్రన్సుకు చదవండి, రెండేళ్లు శిక్షణ. ఆ తర్వాత మీకు ఇరవై ఏళ్ల పని ఉంటుంది.

సైకాలజీ చదవని సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి లెక్క వేరు. రెండేళ్ల రెగ్యులర్ పీజీ, ఎంట్రన్స్ తయారీ, రెండేళ్ల శిక్షణ కలిపితే దాదాపు అయిదేళ్లు. ఇంటి ఈఎంఐ, పిల్లల ఫీజులు, అమ్మానాన్నల మందుల ఖర్చు అయిదేళ్లకు లెక్కగట్టండి. కోర్సు ఫీజు అందులో చిన్న భాగమే అవుతుంది. ఆ మొత్తం చేతిలో లేకపోతే కౌన్సెలింగ్ పీజీతో మొదలుపెట్టడమే నా సలహా. సైకాలజీ పీజీగా గుర్తింపు ఉన్నదే ఎంచుకుంటే, తర్వాత క్లినికల్ వైపు వెళ్లే అవకాశం కూడా మిగిలి ఉంటుంది.

టీచర్లకు స్కూల్ కౌన్సెలింగ్ చాలా సహజమైన దారి. యాభై దాటినవారికి కూడా అదీ, హెల్ప్‌లైన్ పనీ నేను సూచిస్తాను. ప్రభుత్వ నియామకాలకు వయోపరిమితి ఉంటుంది కాబట్టి, ఆలస్యంగా వచ్చేవారు సర్కారీ ఉద్యోగాన్ని లెక్కలో పెట్టుకోకుండా ప్లాన్ చేసుకోవాలి.

సొంత ఇంట్లో జరిగిన కష్టం వల్ల ఈ చదువు వైపు వస్తున్నవారు, అది బిడ్డ వైకల్యం కావొచ్చు, తమ్ముడి ఆత్మహత్య కావొచ్చు, భర్త తాగుడు కావొచ్చు, ముందు మీరే ఒక మంచి థెరపిస్టు దగ్గర కొన్ని నెలలు కూర్చోండి. ఆ గాయం మీకు బలం అవుతుంది. కానీ దాన్ని తడిమి చూసుకోకుండా వస్తే, అలాంటి కేసే ఎదురుపడిన రోజు మీరు మాట్లాడలేరు.

ఏ దారి ఎంచుకున్నా ఫీజు కట్టేముందు ఒక పని చేయండి. హైదరాబాద్‌లో ఉంటే రోష్ని లాంటి హెల్ప్‌లైన్‌లో వాలంటీరుగా చేరే వీలుందేమో అడగండి. ఇతర ఊళ్లలో ఉంటే దగ్గర్లోని ప్రత్యేక పాఠశాలలోనో, డీఅడిక్షన్ సెంటర్లోనో వారానికి ఒక పూట కూర్చోండి. మూడు నెలలు చాలు. ఒకే బాధను పదిమంది పదిరకాలుగా చెప్పడం విని కూడా, మళ్లీ వారం ఎప్పుడొస్తుందా అని మీకు అనిపిస్తుంటే దరఖాస్తు పెట్టేయండి. ఇంటికొచ్చాక రెండు రోజులు తేరుకోలేకపోతుంటే ఇంకో మూడు నెలలు చూసి, అప్పుడు డబ్బు సంగతి మాట్లాడుకోండి.